పుర్రె ఎముక అమర్చాక అసలు జాగ్రత్త

మోటారు సైకిలు ప్రమాదంలో తలకు పెద్ద దెబ్బ తగిలి మెదడు వాచినప్పుడు, ఆ వాపుకు చోటు కల్పించడానికి డాక్టర్లు పుర్రెలో కొంత ఎముకను తీసి ప్రాణం నిలబెడతారు. తీసిన ఎముకను రోగి పొట్ట చర్మం కింద గాని, అతి చల్లని పెట్టెలో గాని భద్రపరచి, కొన్ని వారాలకో నెలలకో తిరిగి అమరుస్తారు. అది పనికిరాకుంటే టైటానియం రేకు, ఎముక సిమెంటు వంటివి వాడతారు. దీనితో గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. పొరపాటు అక్కడే జరుగుతున్నది.

మామూలు తల ఆపరేషన్ల కన్నా ఈ రెండవ ఆపరేషనులో చీము పట్టే ప్రమాదం ఎక్కువ. దాచి తెచ్చిన ఎముకకు వెంటనే రక్తప్రసారం వుండదు. లోహపు రేకుకు ఎప్పటికీ వుండదు. నెత్తురు చేరని చోటికి మందు కూడా సరిగా చేరదు. అక్కడ క్రిములు తిష్ఠ వేస్తే తరచు అమర్చినదాన్ని మళ్ళీ తీసివేసి, నెలల తరబడి ఆగి, మూడవసారి కోయవలసి వస్తుంది. అన్నాళ్ళూ ఆ మనిషి తలలో గుంటతో ఇంటిపట్టునే వుండాలి. కూలి మీద బతికే కుటుంబం అప్పులపాలు కావడానికి ఇంకేం కావాలి?

చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి, ఒకే చోట పలుమార్లు కోత పడినవారికి, మొదటి గాయమే సరిగా మానని వారికి, అతుకు కింద నెత్తురో నీరో నిలిచిన వారికి ముప్పు హెచ్చు. పొగ తాగేవారి గాయం ఆలస్యంగా మానుతుంది. ఈ సంగతి రోగికే కాదు, పరామర్శకు వచ్చి మంచం పక్కన బీడీ కట్ట పెట్టిపోయే బంధువులకూ చెప్పాలి.

బతికి బయటపడితే తలనీలాలు ఇస్తామని మొక్కుకోవడం పల్లెల్లో మామూలే. కాని ఆపరేషను దగ్గర పడినప్పుడు గాని, కుట్లు పూర్తిగా మానకముందు గాని తల మీద మంగలికత్తి పడరాదు. కత్తి చేసే కంటికి కనపడని గాట్లు క్రిములకు దారులు. ఆపరేషనుకు ముందు జుట్టు తీయక తప్పకపోతే మిషనుతో కత్తిరించాలే గాని గొరగరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మొక్కు నాలుగు నెలలు ఆలస్యమైతే ఏ దేవుడూ అలగడు.

రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి వూరుకుంటే ఆస్పత్రి బాధ్యత తీరదు. ఏ గుర్తులు కనిపిస్తే తిరిగి రావాలో తెలుగులో రాసి ఇవ్వాలి. కుట్టు వద్ద ఎరుపు, వాపు, చెమ్మ, చీము, జ్వరం, కొత్తగా మగత లేదా ఫిట్సు వస్తే అదే రోజు ఆపరేషను చేసిన చోటికే పోవాలి. పసుపు, ఆకుపసరు పూసి, మందుల షాపులో నాలుగు బిళ్ళలు కొని వారం చూద్దామనుకోరాదు. ఇటువంటి చీము ఆపరేషను అయిన కొన్ని నెలలకు కూడా బయటపడవచ్చు. కనుక వూళ్ళో తిరిగే ఆశా కార్యకర్త, నర్సు ఆ ఇంటికి పోయినప్పుడు తలగుడ్డ తీయించి ఒకసారి కుట్టు చూసి రావడం అవసరం.