సగటు చాటున శిశువు

ఒక తరగతిలో నలుబదిమంది విద్యార్థులున్నారనుకొందము. వారి మార్కుల సగటు అరువదియైనంత మాత్రమున అందరికిని చదువు వచ్చినదని ఏ ఉపాధ్యాయుడును తలపడు. ఇరువది మార్కులు దాటని బాలుని ముఖము ఆ సగటులో కానరాదు. బడిపంతులెరిగిన ఈ చిన్న సత్యమే శిశుసంక్షేమమునకు నిధులు పంచువారికిని గీటురాయి కావలెను.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము దేశములో 33 బ్లాకులలో ఆరంభమైనది. నాటినుండి అంగన్‌వాడీలు ఊరూర వెలసినవి. ఇట్టి పథకములలో పంచిన గ్రుడ్లను, తెరచిన కేంద్రములను లెక్కించుట సులభము. తిన్న బిడ్డ ఎదిగినదా యని తెలిసికొనుటయే కష్టము; అసలు లెక్క యదియే.

ఆ లెక్కకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆధారము. 2015-16 నాటి నాలుగవ సర్వేలో, అయిదేండ్ల లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు దేశమున నూటికి 38.4 మంది, 2019-21 నాటి అయిదవ సర్వేలో 35.5 మంది. ఇదే కాలమున ఆంధ్రప్రదేశ్ 31.4 నుండి 31.2కు మాత్రమే తగ్గినది. తెలంగాణ సుమారు 28 నుండి 33.1కి పెరిగినది. ఈ రెండు రాష్ట్రములలో సర్వే 2019లోనే సాగినది కావున కోవిడ్‌పై నింద మోపుటకు వీలులేదు. దేశపు సగటు మెరుగుపడుచుండగా ఒక ప్రాంతము వెనుకకు నడువవచ్చునని ఈ అంకెలు చాటుచున్నవి.

రాష్ట్రపు సగటును జిల్లాలుగా విడదీసినను చిక్కు తీరదు. 2018లో కేంద్రము ఎంపికచేసిన 112 ఆకాంక్షిత జిల్లాలలో విశాఖపట్నము, విజయనగరము, కడప చేరినవి. రాష్ట్రములో అతిపెద్ద నగరమున్న జిల్లాకు ఆ జాబితాలో చోటేల యని ఆశ్చర్యము కలుగవచ్చును. నాడు పాడేరు మన్యమును ఆ జిల్లాలోనిదే యని గుర్తుతెచ్చుకొన్నచో ఆశ్చర్యము తొలగును. సముద్రతీరపు మేడలకును కొండమీది గుడిసెలకును ఒకే అంకె! 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన పిదపనే మన్యము తన లెక్క తాను చెప్పుకొను అవకాశము కలిగినది.

అయితే అంకెను ధనముతో ముడివేయుటలో అపాయమొకటి కలదు. ప్రగతి చూపినవారికే నిధులన్నచో వెనుకబడిన ప్రాంతము మరింత ఎండిపోవును. అంతేకాక, బిడ్డను తూచు చేయియే ఆ తూకము వలన మెప్పు పొందునదైనచో, ముల్లు కొంచెము ఒరుగుట వింతకాదు. తన విద్యార్థుల పత్రములను తానే దిద్ది తానే బహుమానమందుకొను పద్ధతిని ఏ పరీక్షాసంఘమును అంగీకరింపదు. కావున అంగన్‌వాడీ తూకములను సంబంధములేని వేరొకరు నమూనాగా సరిచూడవలెను. నిధులు అవసరమును బట్టి నడువవలెను. ప్రగతి పాఠముగా పనికిరావలెను. ఎత్తు పెరుగుట అన్నముతోనే సాధ్యము కాదు. తల్లి ఆరోగ్యము, మంచినీరు, మరుగుదొడ్డి, వ్యాధినివారణ అన్నియు కలియవలెను. ఒకచోట ఏది కొరవడినదో తెలుపని కొలత ఖర్చుకు దారి చూపజాలదు.

చివరకు మరియొక మాట. బాట లేని గూడెమునుండి కేంద్రమునకు రాని బిడ్డ ఏ త్రాసుపైనను నిలువదు. ఏ సగటులోను చేరదు. హాజరుపట్టీలో పేరే లేని విద్యార్థి పరీక్ష తప్పినట్లు ఎన్నడును నమోదు కాదు. ఆ బిడ్డను వెదకి తూచుటకై వెచ్చించు రూపాయియే తక్కిన రూపాయలన్నిటికిని త్రోవ చూపగలదు.