ఆ బిడ్డకూ అమ్మనుడి కావాలి
ఆటిజం ఉన్న బిడ్డకు ఇంట తెలుగు మాన్పించి, బడిభాష ఒక్కటే నేర్పమని సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులకు హితవు చెప్పేవారున్నారు. అది నిరాధారం. రెండు భాషలు వినడం వల్ల ఇటువంటి పిల్లల మాట వెనుకబడదని పరిశోధనలు తెలుపుతున్నాయి.

పలకరించడం, వంతుకు ఆగడం, సాయమడగడం తక్కిన పిల్లలు చూసి నేర్చుకుంటారు. వీరికి విడమరచి, ఓపికగా నేర్పాలి. అమెరికా ఉపాధ్యాయురాలు కేరల్ గ్రే 1990 దశకం తొలినాళ్లలో రూపొందించిన ‘సామాజిక కథ’ అందుకొక సాధనం. “అత్తయ్య వస్తుంది. నమస్కారం పెట్టవచ్చు. మాట్లాడాలనిపించకపోతే చేయి ఊపవచ్చు.” ఇంతే కథ, బొమ్మలతో రోజూ చదివి వినిపించాలి.

ఆ అత్తయ్య మాట్లాడేది తెలుగే కదా! అవ్వాతాతల భాషకే దూరమైన బిడ్డ ముందుగా ఎవరితో కలసిమెలసి ఉండగలడు? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. బడిలో చోటు హక్కుగా అడుగుదాం. ఇంట తెలుగును విడువకుందాం.