చేతికంటిన రెసిన్ కూడా చదువే



సెలవులకు ఇంటికెళ్తే మన అమ్మానాన్నలు తప్పకుండా అనే మాట ఒకటుంది: "నువ్వు చదువుకో, ఈ పని ముట్టుకోకు." ఆ మాట వెనక ఉన్న ప్రేమ మనకు తెలుసు. కానీ ఆ మాటే వింటూ పెరిగి, పనిచేసే చేతిని మనమే తక్కువగా చూడటం నేర్చుకున్నాం. హాస్టల్ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్న గడి దగ్గర పెన్ను ఆగనివాళ్లు మనలో ఎందరు?

మా కళ్లు తెరిపించింది ఒక చిన్న వస్తువు. సర్ఫ్ బోర్డు ఫిన్.

మాలో ఒకడి బావ భీమిలి దగ్గర ఫైబర్ బోట్లు బాగుచేస్తాడు. వేసవిలో మేం నలుగురం ఆయన దగ్గరికి వెళ్లాం. అప్పుడే రుషికొండలో అలల మీద ఆడే కుర్రాడొకడు తన బోర్డు తెచ్చాడు. బోర్డు అడుగున, తోకవైపు ఉండే ఫిన్ రాయికి తగిలి విరిగింది. జీవశాస్త్రంలో మనం చదివిన చేప వాజం లాంటిదే ఇది. ఇది లేకపోతే బోర్డు అల మీద పక్కకు జారిపోతుంది, తిప్పినవైపు తిరగదు. ఫిన్‌ను బోర్డుకే అతికించేసి ఉంటే విరిగినప్పుడు అడుగు కూడా చీలిపోయేది. ఇది స్క్రూతో బిగించి, కావాలంటే ఊడదీసే రకం. అందుకే ఫిన్ పోయినా బోర్డు దక్కింది. "కొనడమెందుకు, చేసేద్దాం" అన్నాడు బావ.

అద్దం పలకకు మైనం పాలిష్ రాసి, దానిమీద గాజు గుడ్డ పరిచి, రెసిన్ పట్టించాలి. ముప్పైకి పైగా పొరలు పడితే 8, 9 మిల్లీమీటర్ల మందం వస్తుంది. "వంద గ్రాముల రెసిన్‌కి ఒకటిన్నర శాతం హార్డనర్. ఎంతరా?" అని అడిగాడు బావ. వెంటనే చెప్పాం, ఒకటిన్నర గ్రాము అని. పోసేటప్పుడు మాత్రం తొందరపడి ఎక్కువ పోశాం. కప్పు కాలిపోయేంత వేడెక్కి, పొగలు కక్కి, రాయిలా గడ్డకట్టింది. "లెక్క వచ్చింది గానీ చెయ్యి రాలేదు" అని బావ నవ్వాడు.

ఎందుకు వేడెక్కిందో ఆయనకు తెలియదు, మాకు తెలుసు. అది ఉష్ణమోచక చర్య. అందుకే పొరలన్నీ ఒకేసారి వేయకుండా కొన్ని కొన్నిగా వేశాం. హార్డనర్‌ను, కోబాల్ట్‌ను నేరుగా కలిపితే పేలే ప్రమాదం ఉందని, ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపాకే హార్డనర్ పోయాలని బావకు అనుభవం నేర్పింది. కారణం మేం చెప్పాం. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చని, గాజు దుమ్ము, రెసిన్ ఆవిరి ఊపిరితిత్తులకు మంచివి కావని కూడా చెప్పాం. ఇన్నేళ్లూ ఆయన ఉత్త ముఖంతోనే గ్రైండింగ్ చేశాడు. ఇప్పుడు మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుంటున్నాడు. మా చదువు మొదటిసారి ఒక మనిషికి పనికొచ్చింది.

గట్టిపడిన పలక మీద విరిగిన ముక్కల ఆకారం గీసి, కోసి, అరగదీశాం. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పల్చగా రావాలి. అరుగుతున్నకొద్దీ లోపలి పొరలు భూగోళం పుస్తకంలోని కాంటూరు రేఖల్లా బయటపడతాయి. రెండువైపులా ఆ రేఖలు ఒకేలా ఉంటే అరుగుదల సమంగా ఉన్నట్టు. బావ ఏ మ్యాపూ చదవలేదు, కానీ ఆ గీతలు చదవగలడు. చివరికి మొదలును బోర్డు గాడికి సరిపోయేలా రాసి, వెనక పిన్ను, ముందు స్క్రూ పెట్టాం.

ఈ ఫిన్ చరిత్ర కూడా చేతులదే. 1935లో హవాయిలోని వైకీకీలో టామ్ బ్లేక్ ఒక పాత స్పీడుబోటు అడుగు భాగాన్ని తీసి తన బోర్డుకు బిగించాడు. 1960లలో కాలిఫోర్నియాలో జార్జ్ గ్రీనో ట్యూనా చేప తోకను చూసి ఫైబర్‌గ్లాస్ ఫిన్లు చేశాడు. ఆస్ట్రేలియాలో బోర్డులు చేసే సైమన్ ఆండర్సన్, తాను చేసిన మూడు ఫిన్ల బోర్డుతో 1981లో బెల్స్ బీచ్ పోటీ గెలిచాడు. ఆడేవాడే చేసుకున్నాడు, చేసినవాడే ఆలోచించాడు.

మన దగ్గర ఆ రెండింటినీ ఎవరు విడదీశారు? కులం పనివాళ్లనే విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చిందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వివరించారు. "మళ్లీ మమ్మల్ని తాతల పనిలోకే తోస్తారా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పుట్టుకను బట్టి పని అంటగట్టడాన్ని మేం ఒప్పుకోం. ఇంజనీరు కావాలనుకున్నవాడు ఇంజనీరే కావాలి. కానీ చేతిపని తెలిసిన ఇంజనీరు మరింత మంచి ఇంజనీరు అవుతాడు, తండ్రి పనిని దాచుకోడు.

అందుకే అడుగుతున్నాం. మన హాస్టల్‌లో ఒక పనిబల్ల, ఒక వైస్, నాలుగు ఆకురాళ్లు, మాస్కులు, గ్లౌజులు కావాలి. నెలకో ఆదివారం తాపీ, వెల్డింగ్, తోలుపని తెలిసిన మన తల్లిదండ్రులనే గురువులుగా పిలవాలి. పూర్వ విద్యార్థులు తలా ఒక పనిముట్టు ఇచ్చినా చాలు.

ఆ ఫిన్ ఇప్పుడు సముద్రంలో తిరుగుతోంది. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు "నాన్నా, ఈ పని ఎలా చేస్తావు?" అని అడుగుదాం. విన్నది రాసుకుని వద్దాం. వచ్చే సంచిక దానితోనే నింపుదాం.