దొంగ మేకతో ఖుర్బానీయా?

పల్లెలో మేకో గొర్రో అంటే పేదవాడి బ్యాంకు. కూతురి పెళ్లికి, ఎరువుల అప్పుకు అదే ఆధారం. రాత్రికి రాత్రే దొడ్డి ఖాళీ అయితే ఆ రైతు మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కాల్సిందే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లవే దేశంలో మొదటి రెండు స్థానాలు. కనుక ఈ నష్టం మన ముంగిట్లోదే.

దొంగ ఆ జీవాన్ని ఇంట్లో కట్టేసుకోడు, తెల్లారేసరికి సంతకు తోలేస్తాడు. బక్రీద్ ముందు గిరాకీ పెరుగుతుంది, ఆరా తీసేవారు తగ్గుతారు. చౌకగా దొరికిందని మురిసే మనమూ ఈ గొలుసులో ఒకరం కావచ్చు! దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. షరియత్‌లోనూ పరాయి సొత్తును జబహ్ చేస్తే ఖుర్బానీ చెల్లదు. బేరం కుదిరేముందు అమ్మేవాడి ఊరేదో, జీవం ఎవరి మందలోదో అడగండి.