ఒక్కొక్క కంటినీ విడిగా పరీక్షించాలి

రెండు కళ్ళూ తెరిచి, గోడమీది అక్షరాలు గబగబా చదివేస్తే కళ్ళు బాగున్నట్లేనని మనలో చాలామంది నమ్ముతారు. నా ఉద్దేశంలో అది పరీక్షే కాదు. బాగా కనబడే కన్ను, రెండో కంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది.

ఇందుకు ఒక శాస్త్రజ్ఞుడే సాక్షి. ఇంగ్లండుకు చెందిన జార్జి ఎయిరీ 1835 నుంచి 1881 వరకు ఆ దేశపు రాజ ఖగోళశాస్త్రజ్ఞుడు. చదివేటప్పుడు తన ఎడమకన్ను అసలు ఉపయోగపడటం లేదని ఆయన యౌవనంలో గాని గమనించలేదు! అట్టకు సన్నని రంధ్రం చేసి, దాని గుండా వచ్చే వెలుగును ఆ కంటితో చూశాడు. వెలుగు చుక్కలా కనబడలేదు. ఒక దూరంలో గీతలా, మరో దూరంలో ఆ గీతకు లంబంగా ఇంకో గీతలా కనబడింది.

కారణమేమిటి? కంటి ముందుభాగమైన కార్నియా బంతిలా అన్ని దిశల్లోనూ ఒకే వంపుతో ఉండాలి. చెంచా వీపులా ఒక దిశలో ఎక్కువ, మరో దిశలో తక్కువ వంపు ఉంటే కిరణాలన్నీ ఒకేచోట చేరవు. ఇదే అసమదృష్టి, అంటే ఆస్టిగ్మాటిజం. అన్ని దిశల్లో ఒకే వంపుగల గోళాకార కటకం దీనిని సరిచేయలేదు. అందుకే ఎయిరీ ఒక ముఖం స్థూపాకారంగా ఉన్న కటకం చేయించుకుని, 1825లో ఆ సంగతి ప్రకటించాడు.

మీరూ ఒక పని చేయండి. తెల్లకాగితంమీద బండిచక్రపు ఆకుల్లా సమాన మందంగల గీతలు గీయండి. దానిని గోడకు అంటించి, ఒక కంటిని అరచేత్తో మూసి చూడండి. తర్వాత రెండో కన్ను. కొన్ని గీతలు నల్లగా, మరికొన్ని వెలిసినట్లుగా కనబడితే నేత్రవైద్యుని కలవండి. అన్నీ ఒకేలా కనబడినంత మాత్రాన లోపం లేదని తేల్చుకోకండి. తేల్చవలసింది వైద్యుడే.

తరగతికంతటికీ ఇలా చేయిస్తే పాఠాలకు సమయం చాలదని కొందరనవచ్చు. కన్ను మూసి తెరవడానికి నిమిషం చాలు. అశ్రద్ధ చేస్తే జరిగే నష్టం పెద్దది. చిన్నతనంలో మసక బొమ్మలే చూసిన కంటిని సరిగా వాడుకోవడం మెదడు నేర్చుకోకపోవచ్చు. ఆ తర్వాత కళ్ళద్దాలు పెట్టినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

3ను 8గా చదివిన పిల్లవాణ్ణి మందబుద్ధి అని గద్దించే ముందు, అతని ఒక్కొక్క కన్నూ ఏం చూస్తున్నదో అడగడం న్యాయం కాదా?