అంబులెన్సు ఒక్కటే చాలునా?

2023 జనవరి 21వ తేదీన, తమిళనాడులోని ధర్మపురి చెంతనున్న తడంగం గ్రామమున జల్లికట్టు చూడవచ్చిన పదునాలుగేండ్ల బాలుడొకడు ఎద్దు కడుపున పొడువగా మరణించెను. అతడు ఎద్దును పట్టవచ్చిన వీరుడు కాడు, కేవలము ప్రేక్షకుడు. అదే సంవత్సరము మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము జల్లికట్టుకు అవకాశమిచ్చిన చట్టసవరణను సమర్థించుటతో ఆ క్రీడ ఉండవలెనా వలదా యను వివాదము న్యాయస్థానమున ముగిసినది. కొమ్ము దిగిన మనిషిని బ్రదికించుట ఎట్లన్న ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

కొమ్ముపోటు కత్తిపోటు వంటిది కాదు. కత్తి సాధారణముగా దిగిన దారినే వెలుపలికి వచ్చును. ఎద్దు పొడిచిన పిదప తల విదిలించి మనిషిని ఎత్తి విసరును గనుక, చర్మముపై రెండంగుళముల గంటు మాత్రమే కనబడుచుండగా, లోపల కొమ్ము రెండు మూడు దిక్కులకు దారులు చేసి, ప్రేగులను చీల్చి, కాలేయమును ప్లీహమును గాయపరచి, మట్టిని పేడను కడుపు లోతునకు చేర్చును. పైగంటు చిన్నదని రెండు కుట్లు వేసి పంపివేసినచో, దినములు గడువకముందే కడుపంతయు చీముపట్టును. కావుననే శస్త్రవైద్యుడు ముందుగా శ్వాస ఆడునట్లు చూచి, రక్తమెక్కించి, రక్తపోటు పడిపోవుచున్నయెడల స్కానింగుకై కాలయాపన చేయక కడుపు తెరచును. రక్తస్రావమును ఆపి, ప్రేగులలోని మలినము చిందకుండ కట్టుదిట్టము చేసి, రోగి శరీరము చల్లబడి రక్తము గడ్డకట్టు శక్తి సన్నగిల్లుచున్నచో అంతటితో ఆపి, ఐసీయూలో వెచ్చచేసి, ఒకటి రెండు దినములకు మరల తెరచి తక్కిన పని ముగించును.

అంతవరకు ప్రాణము నిలుపవలసినవారు చుట్టునున్న జనులే. వెలికివచ్చిన ప్రేగులను లోనికి నెట్టక శుభ్రమైన తడిగుడ్డ కప్పవలెను, నీరు త్రాగింపరాదు, గజ్జలనుండి రక్తము చిమ్ముచున్నచో అరచేతితో బలముగా అదిమి, ఆస్పత్రి చేరువరకు చేయి తీయరాదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందెపుకోడి కాలికి కట్టిన కత్తి గజ్జలలో దిగి ఒక వ్యక్తి రక్తస్రావముతో మరణించుట మనమెరిగినదే.

తమిళనాడు ధర్మపురిలో 2008లో స్థాపితమైన ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. తడంగము దానికి దూరమును కాదు. అయినను ఆ బాలుడు దక్కలేదనగా, మొదటి చికిత్స ప్రేక్షకులను కాచు కంచెయేయని తేలుచున్నది. మన చంద్రగిరి మండలము రంగంపేటలోను కనుమనాడు పశువులు జనసమ్మర్దముగల వీధులలోనే పరుగులిడును. ఈ పాఠము మనకును వర్తించును.

పండుగను నిషేధింపుమని నేననుట లేదు. అనుమతి నిచ్చు అధికారులు బరిచెంత అంబులెన్సు నిలిచియున్నదని తృప్తిపడక, ప్రేక్షకులకు రెండువరుసల కంచె గలదా, సమీపపు ఆస్పత్రిలో శస్త్రవైద్యుడును మత్తువైద్యుడును ఆనాడు సిద్ధముగా నుందురా, రక్తనిధిలో చాలినంత రక్తము గలదా యని స్వయముగా విచారింపవలెను. ఈ మూటిలో ఏ ఒక్కటి కొరవడినను అనుమతిపత్రముపై సంతకము చేయకుండుటయే ధర్మము.