పాత సైకిలుకు పౌడరా, పెయింటా?

ఇండ్ల పంచలలోను, ధాన్యపు కొట్లలోను మూలబడియున్న పాత నల్ల సైకిళ్ళను వెలికిదీసి, తండ్రులు తాతలు త్రొక్కిన ఆ వాహనములను మరల వీధిలో నడుపవలెనను కోరిక ఇటీవల మన పట్టణములలో పలువురికి కలుగుచున్నది. కోరిక శ్లాఘనీయమే. కాని భాగములన్నియు విప్పించి, వట్టి ఫ్రేమును భుజమున వేసికొని పారిశ్రామికవాడలోని షెడ్డుకు పోయినవారికి తరచుగా ఒకే సలహా లభించుచున్నది: "పౌడర్ కోటింగ్ కొట్టిద్దాం సార్, ఇక జన్మలో ఊడదు." ఇనుప గేట్లకును, కిటికీ గ్రిల్లులకును, కార్ల అల్లాయ్ చక్రములకును వేయు పూతనే సైకిలుకును వేసి పంపుచున్నారు. ఆ పూత తన చోట తాను మంచిదే; ఐనను పాత ఉక్కు సైకిలుకు అది తగదనియు, పెయింటరు చేతి ఎనామెలు రంగే తగుననియు నా దృఢాభిప్రాయము.

ముందుగా ఆ పూత గుణములను న్యాయముగా ఒప్పుకొనవలెను. అందులో ద్రవమన్నది లేదు. పాలిఎస్టరు వంటి రెసినును వర్ణద్రవ్యముతో కలిపి మెత్తగా నూరిన పొడిని స్ప్రే గన్నుతో చిమ్మునపుడు ఆ రేణువులకు విద్యుదావేశము కలుగును. ఎర్తు చేసిన ఇనుము వానిని తనవైపు లాగికొనును. పిమ్మట ఫ్రేమును 180 నుండి 200 డిగ్రీల వేడిగల ఓవెనులో 10 నుండి 20 నిమిషములుంచిన, పొడి కరిగి, పారి, రసాయనికముగా ముడివడి, సాధారణముగా 60 నుండి 80 మైక్రానుల మందముగల ఒకే పొరగా గట్టిపడును. థిన్నరు వాసన లేదు. క్రింద రాలిన పొడిని సయితము జల్లించి మరల వాడుకొనవచ్చును. వేడికి పాత అతుకులు సడలునేమోయని కొందరు శంకింతురు గాని, లగ్గులలో, అనగా గొట్టములు కలియుచోటి తొడుగులలో, వానిని అతికిన ఇత్తడి కరుగుటకు దాదాపు 900 డిగ్రీలు కావలెను గనుక ఆ శంక నిరాధారము. క్రొత్త అల్యూమినియము ఫ్రేముకు ఇంతకన్న చౌకయు, గట్టిదియు అగు పూత దొరకుట కష్టము.

పాత ఉక్కు విషయము వేరు. ఏ పూతయైనను ఎన్నటికో ఒకనాటికి ఎక్కడనో ఒకచోట చిట్లక మానదు. చైను వచ్చి కొట్టుకొను గొట్టముమీద, క్యారియరు బిగింపు కరచుకొనియుండుచోట, మడ్‌గార్డు క్రింద ఫోర్కు శిరస్సునందు అది మొదలగును. ఎనామెలు చిట్లినచోట తుప్పు త్వరలోనే ఎర్రగా పైకి కనబడును. కనబడినది గనుక యజమాని దానిని మాన్పును. పౌడరు పొర మందమైనది, బిగువైనది. చిట్లినచోట చొరబడిన తేమ ఆ పొర క్రిందుగా ప్రాకిపోవుచుండగా పైభాగము ఎప్పటివలె నిగనిగలాడుచునేయుండును. తీరా తెలియునప్పటికి, ఉడికిన దుంప తోలువలె పొర జానెడు మేర లేచివచ్చి, లోపల గుంటలు పడిన ఉక్కు బయటపడును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణముల వంటి ఊళ్ళలో, ఉప్పుగాలి సంవత్సరమంతయు వీచుచోట, ఈ దోషమును తేలికగా తీసికొనుటకు వీలులేదు. ఇనుమును శుభ్రముగా బ్లాస్టింగు చేసి, ఫాస్ఫేటు పట్టించి, అటుపిమ్మట పౌడరు వేసినచో ఈ ప్రమాదము చాలవరకు తగ్గును, నిజమే. కాని గేటును, ఫ్రేమును ఒకే కొక్కెమునకు వ్రేలాడదీయు షెడ్డులో ఆ ఫాస్ఫేటు తొట్టిని అడిగి చూచువారెందరు?

ఇక పాత సైకిలు దేహమును దగ్గరగా చూడుడు. 1951లో సోనిపట్టులో పుట్టిన అట్లాసు, 1956లో లూధియానాలో పుట్టిన హీరో మొదలగు సంస్థల సైకిళ్ళకు ఫ్రేము సంఖ్యను ఉక్కుపైననే సన్నని అచ్చులతో కొట్టెడివారు. పోయిన సైకిలును తనదని చెప్పుకొనుటకు ఆ సంఖ్యయే ఆధారము. మందపు పౌడరు ఆ అచ్చుల లోతును పూడ్చివేయును. లగ్గుల అంచుల పదును మొద్దువారును. డైనమో బిగింపునందు మొనదేలిన చిన్న స్క్రూ ఒకటి కలదు. దీపమునకు పోవు తీగ ఒక్కటే. విద్యుత్తు తిరిగివచ్చుదారి ఫ్రేము ఉక్కే గనుక, ఆ స్క్రూ పూతను చీల్చుకొని ఉక్కును తాకవలెను. పలుచని ఎనామెలును అది సులువుగా చీల్చును. పౌడరు పొరమీద జారి, దీపము వెలుగక వేధించును. తుప్పుతిన్న గుంటలను లప్పముతో పూడ్చి నునుపుచేయుట పెయింటరుకు నిత్యకృత్యము. మామూలు లప్పము ఓవెను వేడికి నిలువదు గనుక, పౌడరు క్రింద ఆ గుంటలు గుంటలుగానే మిగిలిపోవును. నల్లని గొట్టములవెంట పొడవైన సన్నని కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో పసిడి గీతలు గీయగల వృద్ధ పెయింటర్లు నేటికిని అక్కడక్కడ కలరు. పని దొరకనిచో ఆ విద్య వారితోనే పోవును. ఆ చింత నాకు మిక్కుటముగా కలదు.

మరమ్మతు మాట కూడ తలపవలెను. ఎనామెలు గీరుకుపోయినచో చిన్న డబ్బాయు, కుంచెయు ఉన్న ఎవరైనను ఇంటి అరుగుమీదనే సరిదిద్దుకొందురు. పౌడరు పొరను అదే పౌడరుతో అక్కడికక్కడ అతుకుట సాధ్యపడదు. పూర్తిగా తీసివేయవలెనన్న తీక్ష్ణమైన రసాయనములో ముంచవలెను, లేదా మరల బ్లాస్టింగు చేయవలెను. బ్లాస్టింగు జరిగిన ప్రతిసారియు ఎంతో కొంత ఉక్కు అరిగిపోవుచునేయుండును.

నా పక్షమునకు ఎదురుగా నిలుచు బలమైన వాదము ఒక్కటి కలదు. అది పెయింటరు ఊపిరితిత్తులది. హార్డెనరు కలిపి చిమ్ము రెండు డబ్బాల రంగులలో ఐసోసైనేటులుండును. ముఖమునకు చేతిరుమాలు కట్టుకొని మూసిన షెడ్డులో ఆ తుంపురులను పీల్చువారికి ఉబ్బసము వచ్చుట వైద్యులెరిగిన విషయమే. సైకిలు నిగారింపుకొరకు ఒక మనుష్యుని ఊపిరి చెడగొట్టుట నాకు సమ్మతము కాదు. కాని పాత సైకిలుకు ఆ జాతి రంగులు అక్కరయే లేదు. రెడాక్సైడు ప్రైమరుపై మామూలు సింథటిక్ ఎనామెలును, పొరపొరకును నడుమ వాటర్ పేపరుతో రుద్దుచు, కుంచెతో మూడు పలుచని పొరలుగా వేసిన చాలును. పాత రంగులలో సీసముండవచ్చును గనుక వానిని పొడిగా గీకరాదు, తడిపియే రుద్దవలెను. ఇసుకతో బ్లాస్టింగు చేయు షెడ్డులలో లేచు ధూళి సిలికోసిస్ తెచ్చిపెట్టును గనుక, పౌడరు దారియు ఈ విషయమున నిర్దోషమైనది కాదు.

కనుక ఫ్రేమును అప్పగించుటకు ముందు హెడ్ ట్యూబుపైనున్న ఇత్తడి బిళ్ళను జాగ్రత్తగా ఊడదీయించి దాచుకొనుడు. ఫ్రేము సంఖ్యను కాగితముపై వ్రాసికొనుడు. రంగు ఆరిన పిమ్మట సీటు పోస్టు రంధ్రముగుండా గొట్టములలోనికి కొంచెము నూనె పోసి, ఫ్రేమును నలువైపుల త్రిప్పుడు. పైపూత ఏదైనను లోపలి తుప్పును ఆపలేదు. పెయింటరు గడువు అడిగినచో ఇయ్యుడు. ఎనామెలు తాకినంతనే ఆరినట్లు తోచును గాని పూర్తిగా గట్టిపడుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు క్యారియరును, డైనమోను బిగింపకుండుట మేలు.